చిత్తడి నేల మీద స్టార్లింగులు: ఎలా, ఎందుకు, అక్కడే ఎందుకు

ఎడ్మండ్ సెలూస్ అనే ఇంగ్లీషు పక్షి పరిశీలకుడు గాలి కబుర్లు చెప్పే మనిషి కాదు. గంటల తరబడి పొదల్లో కూర్చుని, చూసింది చూసినట్టు నోటు పుస్తకంలో రాసుకునే రకం. అలాంటివాడు ఏళ్ల తరబడి పక్షుల గుంపులను గమనించి, వాటి మధ్య ఆలోచనలు ఒక బుర్రలోంచి ఇంకో బుర్రలోకి నేరుగా ప్రసారమవుతూ ఉండాలని 1931లో రాశాడు. వేల పిట్టలు ఒక్కసారిగా పక్కకు తిరగడానికి అంతకంటే మంచి కారణం ఆయనకు తోచలేదు. ఆయనను చూసి నవ్వుకోవడం తేలికే. కానీ చలికాలం సాయంత్రం ఇంగ్లాండులోని సోమర్‌సెట్ చిత్తడి నేలల మీద స్టార్లింగులు గుంపు కట్టడం చూసినవాళ్లకు ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు.

ఈ దృశ్యం గురించి ఇప్పుడు మనకు చాలా తెలుసు. అయితే తెలిసినదంతా కలగాపులగంగా ప్రచారంలో ఉంది. "డేగ నుంచి తప్పించుకోవడానికి ప్రతి పిట్టా చుట్టూ ఉన్న ఏడు పిట్టలను చూస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేసే వీడియోలకు లెక్కలేదు. ఆ వాక్యంలో ప్రతి ముక్కకూ ఏదో ఒక ఆధారం ఉంది. అన్నీ కలిపి అల్లిన తీరే తప్పుదారి పట్టిస్తుంది. గుంపు ఎలా కదులుతుందన్నది ఒక ప్రశ్న, ఎందుకు కదులుతుందన్నది వేరే ప్రశ్న, చిత్తడి నేల మీదే ఎందుకన్నది మూడోది. మొదటిదానికి కొలిచి తేల్చిన జవాబు ఉంది. రెండోదానికి ఉన్నది సగం జవాబే. మూడోదాన్ని అడిగేవాళ్లే తక్కువ.

ముందు పిట్ట సంగతి. స్టార్లింగు గోరింకల కుటుంబానికి చెందినది. పొడవు 20 సెంటీమీటర్లు, బరువు 75 నుంచి 90 గ్రాములు. దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది కానీ దగ్గరగా చూస్తే ఈకల మీద ఆకుపచ్చ, ఊదా మెరుపులు ఉంటాయి, చలికాలంలో ఒళ్లంతా లేత రంగు చుక్కలు. అసలు విచిత్రం దాని ముక్కులో ఉంది. చాలా పిట్టలకు ముక్కు మూయడంలో బలం, దీనికి తెరవడంలో బలం. మూసిన ముక్కును గడ్డి వేళ్లలోకి గుచ్చి, లోపల బలంగా తెరిచి, మట్టిని ఎడం చేసి, ఆ సందులో కనిపించిన పురుగును లాగుతుంది. పచ్చిక బయళ్లలో పొడుగు కాళ్ల ఈగల పిల్లపురుగులు దానికి ఇష్టమైన తిండి. నేల గడ్డకట్టిందంటే ఈ ముక్కు పనికిరాదు. స్కాండినేవియా, బాల్టిక్ దేశాలు, రష్యా ప్రాంతాల స్టార్లింగులు శరదృతువులో పశ్చిమానికి బయలుదేరడానికి ముఖ్య కారణం ఇదే. సముద్రపు గాలి వల్ల బ్రిటన్, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ ఉత్తర తీరాల్లో నేల మెత్తగానే ఉంటుంది.

ఈ వలసలో కూడా గుంపు దారి చూపుతుందని చాలామంది అనుకుంటారు. పెర్డెక్ అనే డచ్చి శాస్త్రవేత్త 1948 నుంచి 1957 వరకు చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని తగ్గించింది. హేగ్ దగ్గర వలలకు చిక్కిన 11,000కు పైగా స్టార్లింగులను విమానంలో స్విట్జర్లాండుకు తీసుకెళ్లి, కాళ్లకు ఉంగరాలు వేసి వదిలారు. ముందు ఈ దారి ఎరిగిన పెద్ద పిట్టలు వాయువ్యానికి తిరిగి తమ మామూలు చలికాలపు చోట్లకు చేరాయి. మొదటిసారి వలస వచ్చిన పిల్ల పిట్టలు మాత్రం తమకు పుట్టుకతో వచ్చిన దిక్కునే పట్టుకుని ఎగిరి, దక్షిణ ఫ్రాన్స్‌లోనూ స్పెయిన్‌లోనూ తేలాయి. దిక్కు పుట్టుకతో వస్తుంది, గమ్యం మాత్రం అనుభవంతో తెలుస్తుంది. ఎవరి దిక్సూచి వారిదే అయిన ఈ పిట్టలు సాయంత్రమయ్యేసరికి పక్కపిట్టను వదలకుండా ఎగరడం నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే సంగతి.

సోమర్‌సెట్‌లో హ్యామ్ వాల్, షాప్‌విక్ హీత్ అనే రెండు అభయారణ్యాలు పక్కపక్కనే ఉన్నాయి. బ్రిస్టల్ నుంచి కారులో సుమారు గంట ప్రయాణం. ఒకప్పుడు వంట చెరకుకూ తోటలకూ పీట్ అనే, మొక్కలు కుళ్లి ఏర్పడిన మట్టిని తవ్వుకుపోయిన గుంతలివి. తవ్వకాలు ఆగాక నీళ్లు నింపి కిక్కిస పెంచారు. కొల్లేటిలో పెరిగే కిక్కిసకు ఇది దగ్గరి జాతి. మూతపడిన పాత రైలు మార్గపు కట్ట మీద నిలబడి జనం చూస్తారు. సూర్యాస్తమయానికి గంట ముందు ఆకాశం ఖాళీగా ఉంటుంది. తర్వాత ఇరవై, ముప్ఫై పిట్టల చిన్న జట్లు నాలుగు వైపుల నుంచీ తిన్నగా, తక్కువ ఎత్తులో వస్తాయి. పగలంతా కిలోమీటర్ల దూరంలో పచ్చికల మీద మేసి వచ్చే జట్లు ఇవి. ఒకదాంట్లో ఒకటి కలుస్తూ పోతాయి. పావుగంటలో లెక్క వేలు దాటుతుంది, మంచి రోజైతే లక్షలు. గుంపు నెత్తి మీదుగా వెళ్తే రెక్కల హోరు వినిపిస్తుంది. అంతవరకూ ఒక్క కూత ఉండదు. ఉన్నట్టుండి ఒక మూల నుంచి గుంపు కిందికి ఒలికినట్టు కిక్కిసలోకి దిగిపోతుంది. కాళ్లు గడ్డికి తగిలాక మొదలవుతుంది కచకచ. ఆ గోల చీకటి పడేదాకా సాగుతుంది. ఒక్కోసారి పిట్టల బరువుకు కిక్కిస కాడలు వంగి విరిగిపోతాయి కూడా.

డెన్మార్క్ దక్షిణాన ట్యోనర్ చిత్తడి నేలల్లో వసంతంలోనూ శరదృతువులోనూ ఇదే జరుగుతుంది. అక్కడివాళ్లు దాన్ని నల్ల సూర్యుడు అంటారు. అక్కడ స్టార్లింగులు చలికాలమంతా ఉండవు. దారిలో మజిలీ మాత్రమే.

ఇక మొదటి ప్రశ్న. సెలూస్ తర్వాత అర్ధ శతాబ్దం దాకా పెద్ద ముందడుగు లేదు. 1984లో వేన్ పాట్స్ అనే అమెరికన్, డన్లిన్ అనే తీరపు పిట్టల గుంపులను సినిమా ఫిల్ముపై తీసి, ఒక్కో ఫ్రేమూ చూశాడు. మలుపు ఒక పిట్ట దగ్గర మొదలై అలలా పాకుతోంది. ఆ అల వేగం ఒక పిట్ట పక్కదాన్ని చూసి స్పందించే వేగం కంటే ఎక్కువ. అంటే ఇంకా దూరంలో ఉన్న అలను చూసి, అది తన దగ్గరికి ఎప్పుడు వస్తుందో పిట్టలు అంచనా వేసుకుంటున్నాయని పాట్స్ తేల్చాడు. టెలిపతీ అవసరం అక్కడితో తీరిపోయింది.

1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త బాయిడ్స్ అనే ప్రోగ్రాం ప్రచురించాడు. అందులో ప్రతి బొమ్మ పిట్టకూ మూడే నియమాలు. పక్కవాటిని గుద్దుకోకు, అవి పోయే దిక్కుకే పో, వాటికి దూరం కాకు. నాయకుడు లేడు, పథకం లేదు. అయినా తెర మీద నిజం గుంపు లాంటిదే కదిలింది. స్టార్లింగుల రహస్యం తేలిపోయిందని చాలామంది అనుకున్నది అప్పుడే. కానీ కంప్యూటర్ బొమ్మ నిజం పిట్టలా కనిపించినంత మాత్రాన నిజం పిట్ట ఆ నియమాలే పాటిస్తోందని కాదు. వేరే నియమాలు పెట్టినా అలాంటి బొమ్మే రావచ్చు. తేల్చాలంటే ఆకాశంలోని పిట్టలను కొలవాలి. ఇక్కడే పని కష్టమైంది.

ఆ కొలత రోమ్‌లో జరిగింది. చలికాలంలో రోమ్‌కు లక్షల స్టార్లింగులు వస్తాయి. ఆండ్రియా కవాన్యా, ఐరీన్ జార్డీనా, జార్జో పరీజీ తదితర భౌతిక శాస్త్రవేత్తల బృందం టెర్మినీ రైల్వే స్టేషను ఎదుట ఉన్న మ్యూజియం మేడ మీద, 25 మీటర్ల ఎడంలో కెమెరాలు బిగించి సెకనుకు 10 చొప్పున ఫొటోలు తీసింది. రెండు కళ్లతో మనం లోతు తెలుసుకున్నట్టు, రెండు ఫొటోల తేడాను బట్టి ఒక్కో పిట్ట ఎక్కడుందో లెక్కగట్టవచ్చు. చిక్కల్లా ఎడమ ఫొటోలో ఉన్న ఈ నల్ల చుక్క కుడి ఫొటోలో ఏ చుక్క అన్నది. వేల చుక్కలున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఈ జోడింపు సమస్య వల్లే అంతకు ముందు కొలతలు పదుల పిట్టల దగ్గర ఆగిపోయాయి. రోమ్ బృందం దాని కోసమే కొత్త గణిత పద్ధతులు తయారుచేసుకుని, వేల పిట్టలున్న గుంపులను మూడు కొలతల్లో పట్టుకుంది. ఫలితాలు 2008లో వచ్చాయి.

అందులో మొదటిది మన కళ్లను తప్పుపట్టేది. కింద నిలబడి చూస్తే గుండ్రటి మబ్బులా తోచే గుంపు నిజానికి పలచటి పరుపు. పైనుంచి కిందికి మందం తక్కువ, అడ్డంగా విస్తారం ఎక్కువ. గుంపు పక్కకు ఒరిగినప్పుడు ఆ పరుపు అంచు మన వైపు తిరగడంతో ఆకారం ఉబ్బినట్టూ కుంచించుకున్నట్టూ కనిపిస్తుంది. మనం చూసే ఆకార మార్పుల్లో కొంత భాగం మనం నిలబడిన చోటు వల్ల వచ్చేదే. ఇంకో సంగతి, పిట్టలు మధ్యలో కంటే అంచుల దగ్గరే ఎక్కువ ఒత్తుగా ఉంటాయి.

ఏడు పిట్టల లెక్క వచ్చింది ఇక్కడి నుంచే. ప్రతి పిట్టా సుమారు ఆరు, ఏడు పక్కపిట్టలతో తన గమనాన్ని సర్దుకుంటుందని బృందం తేల్చింది. అయితే ఈ వార్తలో అసలు విశేషం అంకె కాదు. అంతకు ముందు అందరూ ఫలానా దూరంలోపు ఉన్న పిట్టలన్నిటినీ చూస్తుందని అనుకునేవారు. రోమ్ కొలతలు దూరాన్ని కొట్టేసి లెక్కను నిలబెట్టాయి. గుంపు ఒత్తుగా ఉన్నా పలచగా ఉన్నా చూసేది ఆ ఆరేడింటినే. తిరునాళ్లలో మనం కూడా చుట్టూ నాలుగు అడుగుల్లోపు ఉన్నవాళ్లందరినీ కనిపెట్టుకుని నడవం. మన వెంట వచ్చిన ఆరుగురినే చూసుకుంటాం, వాళ్లు పక్కనే ఉన్నా పది అడుగులు వెనకబడినా. ఈ పోలిక ఒక్కచోట తెగిపోతుంది: స్టార్లింగుకు తనవాళ్లంటూ ఎవరూ ఉండరు, ఆ క్షణంలో దగ్గరున్నవే తనవి.

దూరాన్ని బట్టి కాక లెక్కను బట్టి చూడటంలో లాభం డేగ పైబడ్డప్పుడు తెలుస్తుంది. దాడికి గుంపు సాగి పలచబడుతుంది. దూరం నియమమే అయితే పిట్టల మధ్య లంకె తెగి, ఒంటరి పిట్టలు చెల్లాచెదురవుతాయి. డేగకు కావలసింది అదే. లెక్క నియమంలో గుంపు ఎంత సాగినా లంకె తెగదు. ఆరూ ఏడే ఎందుకు, ఎక్కువెందుకు కాదు? 2013లో నయోమీ లియోనార్డ్ బృందం రోమ్ కొలతలనే తీసుకుని ఈ ప్రశ్న వేసుకుంది. చూసే పక్కపిట్టల సంఖ్య పెరిగేకొద్దీ గుంపు పొందిక మెరుగవుతుంది, కానీ పిట్టకు శ్రమ కూడా పెరుగుతుంది. శ్రమకు తగ్గ ఫలితం అన్నిటికన్నా బాగా దక్కేది ఆరేడు దగ్గరేనని లెక్క తేలింది.

ఏడింటినే చూసే పిట్ట వేల పిట్టల గుంపుతో కలిసి ఎలా తిరుగుతుంది? ఇక్కడ రెండు వేర్వేరు కొలతలను కలపకూడదు. ఒక పిట్ట ఎంతవరకు చూస్తుందన్నది ఒకటి, దాని కదలిక ప్రభావం ఎంతవరకు పోతుందన్నది ఇంకొకటి. రెండోదానికి హద్దు లేదని 2010లో తేలింది. గుంపు పెద్దదయ్యేకొద్దీ ప్రభావం చేరే దూరం కూడా అంతే పెరుగుతుంది. ఒక కొసన మొదలైన మార్పు ఇంకో కొసకు చేరుతుంది. 2014 నాటి కొలతల్లో మలుపు కబురు సెకనుకు 20 నుంచి 40 మీటర్ల వేగంతో, దారిలో బలం తగ్గకుండా పాకడం కనిపించింది. మామూలుగా చెవిలో చెవిలో చెప్పుకునే కబురు దూరం పోయేకొద్దీ మందగించి చెదిరిపోవాలి. ఇది చెదరదు. దీన్ని వర్ణించే గణితం అతి శీతల హీలియం ద్రవం ఘర్షణ లేకుండా ప్రవహించడాన్ని వర్ణించే గణితంతో పోలుతుంది. మలుపులు ఎక్కువగా గుంపు పొడవాటి కొసల్లో ఉన్న పిట్టల దగ్గర పుడతాయి. అవి నాయకులు కావు. మలుపు తిరిగాక స్థానాలు మారిపోతాయి, ముందున్నది పక్కకు పోతుంది.

పరీజీకి 2021లో భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చినప్పుడు పత్రికలు స్టార్లింగుల ఫొటోలే వేశాయి. నోబెల్ ఇచ్చింది మాత్రం ఒక క్రమం లేని పదార్థాల్లో దాగున్న క్రమాన్ని పట్టుకున్నందుకు. పిట్టల పని ఆ ఆలోచనకు తర్వాత మొలిచిన కొమ్మ.

వీటన్నిటిలో అందమైనది గుంపు మీద పరుగెత్తే నల్లటి చార. డేగ దూకిన వైపు నుంచి ముదురు రంగు పట్టీ ఒకటి పుట్టి, గుంపంతా దాటి పోతుంది. పిట్టలు అక్కడ దగ్గరదగ్గరగా ఒత్తుకోవడం వల్ల నలుపు వస్తుందని చాలాకాలం అనుకున్నారు. నెదర్లాండ్స్‌లో షార్లొట్ హెమెల్‌రైక్ బృందం 2015లో ఇంకో వివరణకు ఎక్కువ బలముందని చూపించింది. తప్పించుకునే పిట్ట ఒక క్షణం పక్కకు ఒరిగి, మళ్లీ సర్దుకుంటుంది. ఒరిగిన ఆ క్షణంలో దాని రెక్కల పూర్తి వెడల్పు చూసేవాళ్ల వైపు తిరుగుతుంది. అంతకు ముందు రెక్క అంచు మాత్రమే గీతలా కనిపించేది. పక్కపిట్ట కూడా అలాగే ఒరుగుతుంది, దాని పక్కది కూడా. పిట్టలేవీ దగ్గర పడలేదు. చార పరుగెత్తింది, అంతే.

ఎందుకు అన్న ప్రశ్నకు వద్దాం. గుంపులో ఉంటే తన వంతు ప్రమాదం తగ్గుతుంది, డేగ ఒక పిట్ట మీద చూపు నిలపలేక తికమకపడుతుంది. ఈ వాదన బలమైనదే. రోమ్‌లోనే పెరిగ్రీన్ డేగల బెడద ఎక్కువున్న చోట గుంపులు ఎక్కువ ఒత్తుగా ఉండటం గమనించారు. 2017లో గ్లాస్టర్‌షైర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 23 దేశాల నుంచి మామూలు జనం పంపిన 3,000కు పైగా పరిశీలనలను కూర్చారు. డేగ జాతి పక్షి ఉన్నప్పుడు గుంపు పెద్దది, విన్యాసం నిడివి ఎక్కువ. వెచ్చదనం కోసం గుంపు కడతాయన్న వాదన కంటే భద్రత వాదనకే మొగ్గు కనిపించింది.

అయితే ఆ లెక్కల్లోనే డేగ కనిపించిన సందర్భాలు మూడో వంతు కన్నా తక్కువ. మిగతా సాయంత్రాలు పిట్టలు ఎవరి నుంచి తప్పించుకుంటున్నట్టు? పైగా పెద్ద గుంపు దగ్గరికి డేగలు రావడం సహజం, కాబట్టి డేగ వల్ల గుంపు పెరిగిందా, గుంపును చూసి డేగ వచ్చిందా అన్నది ఇలాంటి లెక్కతో తేలదు. నా మటుకు నాకు గుంపు కట్టడానికి డేగ భయం సరిపోతుంది కానీ, అరగంట పాటు తిరగడానికి సరిపోదు. నేరుగా గడ్డిలోకి దూరితే ప్రమాదం ఇంకా తక్కువ కదా. మొదట దిగినవాటికి ప్రమాదం ఎక్కువ కాబట్టి ఎవరూ ముందు దిగరన్న వివరణ ఉంది. ఆకాశంలో తిరిగే గుంపు దూరంలోని జట్లకు పడక చోటు ఎక్కడో చూపుతుందన్నది మరో వివరణ. 1973లో వార్డ్, జహావి అనే పరిశోధకులు ఇంకో మాట అన్నారు: తిండి దొరకని పిట్టలు కడుపు నిండిన పిట్టలను మర్నాడు ఉదయం వెంబడించవచ్చు, కలిసి పడుకోవడంలో లాభం అదీ అని. వీటిలో ఒకటి నిజమైతే మిగతావి అబద్ధం కావాలన్న నియమమేమీ లేదు.

చిత్తడి నేలే ఎందుకన్నదానికి జవాబు గాలిలో లేదు, నీళ్లలో ఉంది. మనిషెత్తు దాటి పెరిగే కిక్కిస నీళ్లలో నిలబడుతుంది. నక్క చప్పుడు లేకుండా అక్కడికి రాలేదు. ఒత్తుగా ఉన్న కాడలు గాలిని ఆపుతాయి. లక్ష పిట్టలకు చాలినంత విస్తారం ఒక్కచోట దొరుకుతుంది. ఆ సౌకర్యాలు ఇచ్చే ఇంకేదైనా వాటికి సమ్మతమే, కొన్నిచోట్ల సముద్రంలోకి కట్టిన పాత వంతెనల కింద కూడా పడుకుంటాయి. రోమ్‌లో అవి ఎంచుకున్నది టైబర్ నది వెంట ఉన్న చెట్లను. ఊరి వెచ్చదనం తోడు. కింద రోడ్లు రెట్టతో జారి స్కూటర్లు పడిపోతుంటే, నగరపాలకులు స్టార్లింగుల ఆపద కూతలను మైకుల్లో వినిపించి వాటిని తరుముతుంటారు. గులాబి గోరింకలు అనే వీటి మధ్య ఆసియా బంధువులు చలికాలానికి మన దేశం వచ్చి, మన జొన్న చేల మీద పడి, సాయంత్రం ఇలాగే గుంపులు కట్టి తిరుగుతాయి. వాటి మీద రోమ్‌లో జరిగినంత కొలత ఎక్కడా జరగలేదు. రైతు మాత్రం వాటి రాకను ఏటా కొలుస్తూనే ఉంటాడు.

సాయంత్రపు హడావిడి ముందు ఉదయాన్ని ఎవరూ పట్టించుకోరు. పడక చోటు నుంచి స్టార్లింగులు ఒక్కసారిగా లేవవు. తెల్లవారాక కొద్ది నిమిషాల తేడాతో అలలు అలలుగా అన్ని దిక్కులకూ పోతాయి. ఇంగ్లాండులో తొలినాటి రాడార్లు నడిపినవాళ్లకు ఉదయం పూట తెర మీద ఒక బిందువు చుట్టూ వలయాలు విచ్చుకుంటూ కనిపించేవి, ఒకదాని వెనుక ఒకటి. యంత్రం లోపమో వాతావరణ విశేషమో అర్థం కాలేదు. 1960 ప్రాంతంలో ఎసెక్స్‌లో రాడార్ ఇంజనీరు ఎరిక్ ఈస్ట్‌వుడ్ బృందం ఆ కేంద్ర బిందువులను వెతుక్కుంటూ వెళ్తే, స్టార్లింగుల పడక చోట్లు దొరికాయి.

చూడాలనుకునేవాళ్లకు హ్యామ్ వాల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. పిట్టలు పడక చోటు మారుస్తుంటాయి కాబట్టి నిన్న ఎక్కడ దిగాయో చెప్పే ఫోను సమాచార సేవ ఉంది. అయితే నిండిన ఆకాశాన్ని చూసి స్టార్లింగులకు లోటు లేదనుకోవడం ఇందులో చివరి పొరపాటు. 1970ల తర్వాత బ్రిటన్‌లో గూడు కట్టే స్టార్లింగులు సగానికి పైగా తగ్గి, ఈ పిట్ట ఆపదలో ఉన్న పక్షులను చేర్చే అక్కడి ఎరుపు జాబితాలోకి ఎక్కింది. పచ్చికలు తగ్గడం, ఉన్నవాటిలో పురుగులు తగ్గడం ముఖ్య అనుమానాలు. జనవరి గుంపుల్లో చాలా భాగం బయటి దేశాల నుంచి వచ్చినవి కాబట్టి ఆ లోటు అక్కడ కనిపించదు. దాన్ని పట్టుకున్నది గూళ్ల కాలంలో తీసే లెక్కలు. 1994 నుంచి ఏటా వేసవి మొదట్లో స్వచ్ఛంద కార్యకర్తలు ఒక్కో చదరపు కిలోమీటరు గడిలో తెల్లవారగానే నడుస్తూ, కనిపించిన, వినిపించిన ప్రతి పిట్టనూ రాసుకుంటారు. ఆ కాగితాల్లో స్టార్లింగు ఎదురుగా పడే అంకె చాలాచోట్ల రెండో, మూడో, సున్నానో.